యాప్‌లో బుక్ చేయాలా, కారు మాట్లాడుకోవాలా? తేల్చుకునే పద్ధతి ఇది

యాప్‌లో ఎంత చూపిస్తోంది, బయట టాక్సీ అతను ఎంత అడుగుతున్నాడు, ఏది తక్కువైతే అది ఎక్కేద్దాం. మనలో ఎక్కువమంది ఇలాగే తేల్చుకుంటాం. హైదరాబాద్ మధ్యలో ఐదారు కిలోమీటర్లకి ఈ లెక్క చాలు. కాస్త దూరం వెళ్లాలన్నా, తెల్లవారుజామున ఫ్లైట్ పట్టుకోవాలన్నా, ఇంట్లో పెద్దవాళ్లని ఒంటరిగా పంపాలన్నా మాత్రం ఈ లెక్క మనల్ని నట్టేట ముంచుతుంది. బండి వచ్చి గుమ్మం ముందు ఆగితేనే యాప్‌లో చూపించిన రేటుకి విలువ. రాకపోతే అది ఫోన్‌లో కనిపించే అంకె, అంతే.

కాబట్టి రేటు చూసేముందు ఇంకొన్ని చూడాలి. నేను చెప్పేది ఎక్కువగా హైదరాబాద్ లెక్క, మధ్యలో విజయవాడ, తిరుపతి కూడా వస్తాయి. మిగతా ఊళ్లలో అంకెలు మారతాయి కానీ పద్ధతి ఇదే.

1. ముందు డ్రైవర్ వైపు నుంచి ఆలోచించండి

మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి. నేను దిగిన చోట, ఆ వేళలో, ఈ డ్రైవర్‌కి ఇంకో కిరాయి దొరుకుతుందా?

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఉదయం తొమ్మిదింటికి వెళ్తున్నారనుకోండి. మీరు దిగిన ఐదు నిమిషాల్లో అతనికి ఇంకొకరు ఎక్కుతారు. ఇలాంటి ప్రయాణానికి యాప్‌ని మించింది లేదు, బయట బేరమాడటం టైమ్ వేస్ట్. అదే మనిషి శనివారం రాత్రి పదకొండింటికి శంకర్‌పల్లి వైపు ఏదో ఫామ్‌హౌస్‌కో, మేడ్చల్ దాటాక లోపలెక్కడో ఉన్న ఫంక్షన్ హాల్‌కో వెళ్లాలంటే? మిమ్మల్ని దింపి ఖాళీ బండితో పాతిక ముప్పై కిలోమీటర్లు వెనక్కి రావాలి. యాప్ మీరు కూర్చున్న దూరానికే డబ్బులు లెక్కకడుతుంది, ఖాళీగా వచ్చే దూరానికి డీజిల్ అతని జేబులోంచి. అందుకే ఫోన్ చేసి "ఎక్కడికి సార్" అంటాడు, చెప్పగానే సరే అని పెట్టేస్తాడు, ఆ తర్వాత మ్యాప్‌లో కారు కదలదు. తను క్యాన్సిల్ చేస్తే యాప్‌లో అతని రికార్డు పాడవుతుంది, అందుకని మీ చేత చేయించాలని చూస్తాడు. మీకు చిరాకు రావడం న్యాయమే. అతని లెక్కా తప్పు కాదు.

బయట మాట్లాడుకునే టాక్సీ మొదటే ఎక్కువ చెప్పేది కూడా ఇందుకే. అందులో తిరుగు కిరాయి కలిసి ఉంటుంది. మనకి అది దోపిడీలా కనిపిస్తుంది, కొన్నిసార్లు నిజంగా దోపిడీయే, కానీ ఊరవతలికి వెళ్లేటప్పుడు అడిగిన దాంట్లో చాలావరకు నిజమైన ఖర్చే.

ఈ ప్రశ్నకి జవాబు అవును అయితే యాప్, కాదు అయితే మాట్లాడుకున్న కారు. సగం ప్రయాణాలు ఇక్కడే తేలిపోతాయి. అటూ ఇటూ కానిది ఏదైనా ఉంటే, అంటే ఊరవతల రెండు గంటల పని చూసుకుని మళ్లీ రావాలంటే, యాప్‌లోనే గంటల లెక్కన ఇచ్చే రెంటల్ ప్యాకేజీ చూడండి. ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు లాంటివి. లోకల్ ట్రావెల్స్ వాళ్లు కూడా ఇదే ప్యాకేజీ ఇస్తారు. హాస్పిటల్ పనులకీ, పెళ్లి షాపింగ్‌కీ ఇంతకన్నా సుఖం లేదు. నాలుగుసార్లు నాలుగు కార్లు బుక్ చేసి, ప్రతిసారీ ఓటీపీ చెప్పి, ప్రతిసారీ మ్యాప్‌లో మనం నిలబడ్డ చోటు చూపించే పిన్ సరిచేసుకునే బాధ తప్పుతుంది.

తిరుగు ప్రయాణం సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. వెళ్లేటప్పుడు బండి దొరికింది కదా అని ధీమాగా ఉంటాం. అర్ధరాత్రి రిసెప్షన్ అయ్యాక ఫంక్షన్ హాల్ గేటు దగ్గర పట్టుచీరలతో, నిద్రపోతున్న పిల్లలతో నిలబడి యాప్ తెరిస్తే చుట్టుపక్కల ఒక్క కారూ కనపడదు. రామోజీ ఫిల్మ్ సిటీ వైపు వెళ్లినా అంతే, సాయంత్రం అందరూ ఒకేసారి బయటికొస్తారు. ఇలాంటి చోటికి వెళ్తే తీసుకెళ్లిన కారునే ఆపుకోండి.

2. సిటీలో అయితే రేటు పెరిగే వేళలు తెలుసుకోండి

వాన పడ్డప్పుడు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య గచ్చిబౌలి, రాయదుర్గం, మాదాపూర్ చుట్టూ యాప్‌ల రేటు ఒక్కసారిగా లేస్తుంది. బళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. దీనికి ఒక హద్దు ఉండాలని కేంద్రం 2020 మార్గదర్శకాల్లో బేస్ ఫేర్‌కి, అంటే మూల కిరాయికి, ఒకటిన్నర రెట్లు మించకూడదంది. 2025 జూలైలో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో దాన్ని రెండు రెట్లకి పెంచింది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు కాబట్టి దీన్ని నమ్ముకుని యాప్‌తో వాదించలేం. రెట్టింపు దాకా పోవచ్చని ముందే అనుకుని ఉండండి.

ఏం చేయాలంటే, మొదట రెండు యాప్‌లలో చూడండి. మూడోది అక్కర్లేదు, అది తెరిచేసరికి మొదటిదాంట్లో రేటు మారిపోతుంది. రెండింట్లోనూ మండిపోతుంటే మెట్రోలో సగం దూరం వచ్చేయండి. రాయదుర్గంలో ఎక్కి అమీర్‌పేటలో దిగితే, అక్కడి నుంచి ఇంటికి ఆటో యాప్‌లోనూ దొరుకుతుంది, రోడ్డు మీదా దొరుకుతుంది. టెక్ పార్క్ గేటు దగ్గర అందరితో పాటు నిలబడి బుక్ చేసేకంటే నాలుగు అడుగులు మెయిన్ రోడ్డు దాకా నడిచినా కొంత తేడా ఉంటుంది, కనీసం డ్రైవర్ యూటర్న్ కోసం పావుగంట తిరగక్కర్లేదు.

ముందే టిప్ ఇస్తే బండి త్వరగా వస్తుంది అని కొన్ని యాప్‌లు అడుగుతాయి. ఇది నాకు నచ్చని విషయం. టిప్ అనేది దిగాక మనసుకి నచ్చి ఇచ్చేది, ఎక్కకముందే వేలంపాట పెట్టేది కాదు. 2025 మేలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ విషయం మీదే ఊబర్‌కి నోటీసు ఇచ్చింది. నిజంగా అర్జెంట్ అయితే ఒక పదో ఇరవయ్యో వేయండి, లేదంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

3. బుక్ చేశాక బండి మీ దాకా వచ్చేలా చూసుకోండి

క్యాన్సిల్ అవడానికి సగం కారణం దూరం, మిగతా సగం మన పిన్. మన కాలనీల్లో ఇంటి నంబర్లు వరసగా ఉండవు, 3 పక్కన 47 ఉంటుంది, మ్యాప్ మిమ్మల్ని వెనక వీధిలో పెడుతుంది. పిన్‌ని వేలితో జరిపి మీ గేటు మీద పెట్టండి. సందు ఇరుకైతే, కారు తిరగడానికి చోటు లేకపోతే, మీరే వీధి చివరికి వచ్చి అక్కడ పెట్టుకోండి. గుడి, మెడికల్ షాపు, వాటర్ ట్యాంక్ ఏదో ఒకటి గుర్తుగా చెప్పండి.

బుక్ అవగానే ఫోన్ వస్తుంది. ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా? ఈ రెండు ప్రశ్నలకీ సూటిగా జవాబు చెప్పండి. యాప్‌లోనే కట్టిన డబ్బు అతని చేతికి రావడానికి టైమ్ పడుతుంది, డీజిల్ మాత్రం ఇవాళే కొట్టించాలి, అందుకే క్యాష్ అంటే వస్తాడు. క్యాష్ అని పెట్టుకుని దిగాక అతని క్యూఆర్‌కి యూపీఐ చేస్తే ఇద్దరికీ గొడవ లేదు.

ఆటోల విషయంలో ఇంకో మార్పు తెలియాలి. ర్యాపిడో, నమ్మ యాత్రి లాంటివి డ్రైవర్ దగ్గర కమీషన్ బదులు రోజుకి ఇంత అని ఫీజు తీసుకునే పద్ధతి తెచ్చాయి, ఊబర్ కూడా 2025 ఫిబ్రవరి నుంచి ఆటోలకి అదే దారి పట్టింది. ఈ పద్ధతిలో యాప్ మీ ఇద్దర్నీ కలుపుతుంది, డబ్బు నేరుగా డ్రైవర్‌కే ఇవ్వాలి. యాప్‌లో చూపించిన దానికంటే ఇరవై ఎక్కువ అడిగాడని తర్వాత కంప్లయింట్ పెట్టినా, డబ్బు యాప్ చేతి మీదుగా పోలేదు కాబట్టి అక్కడి నుంచి వెనక్కి వస్తుందని ఆశపడకండి. ఎక్కేముందే "యాప్‌లో ఉన్నదే కదా అన్నా" అని ఒక మాట అనేసుకోండి.

ఏసీ సంగతి కూడా ఎక్కేముందే. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో యాప్‌ల కింద పనిచేసే గిగ్ వర్కర్ల యూనియన్ గిట్టుబాటు కావట్లేదని నో ఏసీ ప్రచారమే పెట్టింది. ఏసీ ఉన్న కేటగిరీ బుక్ చేసినప్పుడు అడగడం మీ హక్కే, కాకపోతే ఆ మాట బండి కదిలాక ఎండలో ట్రాఫిక్ మధ్య కంటే, ఫోన్‌లోనే తేలిపోతే మంచిది.

డ్రైవర్ రాకుండా సాగదీస్తుంటే ఐదు నిమిషాలు చూసి క్యాన్సిల్ చేయండి, కారణం దగ్గర డ్రైవర్ రావట్లేదు అనేదే ఎంచుకోండి, ఇంకేదో నొక్కకండి. ఛార్జీ పడితే యాప్ హెల్ప్‌లో రాయండి. 2025 మార్గదర్శకాల ప్రకారం సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా. ఇది మనకే కాదు, డ్రైవర్‌కీ వర్తిస్తుంది.

రైడ్ క్యాన్సిల్ చేసేయండి, అదే రేటుకి తీసుకెళ్తా, నాకే ఇచ్చేయండి అంటే? పగటిపూట దగ్గర దూరానికి చాలామంది ఒప్పుకుంటారు. నా సలహా, రాత్రిపూట అసలు వద్దు. ఆ క్షణం నుంచి మీరు ఏ బండిలో ఉన్నారో యాప్‌కి తెలియదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ అనీ ఎమర్జెన్సీ బటన్ అనీ చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

4. రోడ్డు మీద ఆటో అయితే యాప్‌ని బేరానికి వాడుకోండి

హైదరాబాద్‌లో ఆటో మీటర్ రేటు 2014లో పెట్టింది, మొదటి 1.6 కిలోమీటర్లకి 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 11. ఇప్పుడు మీటర్ మీద రమ్మంటే ఆటో అతను మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. మీటర్ పోయాక అందరికీ ఒప్పుదలైన రేటంటూ లేకుండా పోయింది, ఆ ఖాళీలోకి యాప్ వచ్చింది.

కాబట్టి ఇలా చేయండి. బుక్ చేయకుండా యాప్‌లో రేటు మాత్రం చూడండి. ఎదురుగా ఆగిన ఆటో అతనికి ఫోన్ చూపించి "యాప్‌లో నూట ముప్పై ఉందన్నా, వస్తారా" అనండి. పది ఇరవై ఎక్కువ అడిగితే ఎక్కేయండి, బండి కళ్లముందే ఉంది, పిన్ గోల లేదు, క్యాన్సిల్ భయం లేదు. రెండింతలు అడిగితే నవ్వి బుక్ చేసుకోండి. ఉదయాన్నే మొదటి బేరం అయితే కాస్త సులువుగా ఒప్పుకుంటారు, బోణీ కదా.

5. తెల్లవారుజామున ఫ్లైట్, రైలు ఉంటే

ఇక్కడ యాప్‌ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. చాలామంది రాత్రి షెడ్యూల్ పెట్టి కారు ఖాయమైపోయిందని పడుకుంటారు. కొన్ని యాప్‌లలో ముందే డ్రైవర్ పేరు ఖాయమవుతుంది, కొన్నింట్లో షెడ్యూల్ అంటే ఆ టైమ్‌కి కాస్త ముందు డ్రైవర్‌ని వెతకడం మొదలుపెడుతుంది, అంతే. మీది ఏ రకమో ఇలా తెలుస్తుంది: రాత్రికల్లా డ్రైవర్ పేరూ బండి నంబరూ వచ్చాయా లేదా? రాకపోతే అది ఖాయం కానట్టే.

మూడున్నరకి బయలుదేరాలంటే తెలిసిన కారతన్ని ముందురోజే మాట్లాడుకోండి. పడుకునేముందు ఒకసారి ఫోన్ చేయండి, లేచాక ఇంకోసారి. అతను ఎత్తకపోతే అప్పుడు యాప్. ఎల్బీ నగర్ నుంచో కూకట్‌పల్లి నుంచో శంషాబాద్ అంటే మామూలు దూరం కాదు, ఆ వేళ ఒక్క క్యాన్సిల్ అయినా టెన్షన్ మొదలవుతుంది. ఒక్కరే, లగేజీ తక్కువ అయితే ఆర్టీసీ పుష్పక్ బస్సు ఉండనే ఉంది, మీ స్టాప్‌కి ఏ టైమ్‌కి వస్తుందో ముందురోజే చూసుకోండి. బైక్ టాక్సీ మీద ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలనుకుంటే ఒక మాట, ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్నీ ఆటోల్నీ రానివ్వరు, కింది రోడ్డు లెక్కనే టైమ్ వేసుకోండి.

దిగి బయటికొచ్చేటప్పుడు వేరు. లోపలే ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్ ఉంటుంది, యాప్ క్యాబ్‌లకి వేరే పికప్ చోటు ఉంటుంది. బయటి దేశం నుంచి వచ్చి ఇంకా మన సిమ్ వేసుకోనివాళ్లకి, చేతిలో బిడ్డా మూడు పెట్టెలూ ఉన్నవాళ్లకి ప్రీపెయిడ్ కౌంటరే సుఖం, నాలుగు రూపాయలు ఎక్కువైనా రసీదు చేతిలో ఉంటుంది. గేటు దగ్గరికొచ్చి "సార్ టాక్సీ, సార్ టాక్సీ" అంటూ చేతిలో పెట్టె అందుకునేవాళ్లకి మాత్రం దణ్ణం పెట్టి ముందుకు సాగండి.

6. ఊరు వెళ్లాలంటే: అసలు లెక్క ఇక్కడుంది

వేల రూపాయలు అటూ ఇటూ అయ్యేది ఔట్‌స్టేషన్ ప్రయాణాల్లోనే, కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

ట్రావెల్స్ వాళ్లు కిలోమీటర్ లెక్కన చెబుతారు. దాని వెనక రోజుకి మినిమం ఇన్ని కిలోమీటర్లు అని ఉంటుంది, సాధారణంగా 250 లేదా 300. ఆపైన డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్. మీరు తక్కువ తిరిగినా మినిమం కట్టాల్సిందే. ఒక ఉదాహరణ వేసి చూద్దాం, రేట్లు లెక్క కోసం అనుకున్నవే. కిలోమీటరుకి 13, రోజుకి మినిమం 300, బత్తా రోజుకి 500. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. రానూపోనూ 550, అక్కడ బంధువుల ఇళ్లకి తిరిగింది ఇంకో 40. రెండు రోజుల్లో వచ్చేస్తే 600 కిలోమీటర్లకి 7,800, బత్తా వెయ్యి, మొత్తం 8,800, టోల్ వేరే. కారు మీ దగ్గరే ఉంటుంది, తిరిగిన దూరం కూడా మినిమంకి సరిపోయింది. బేరం బాగున్నట్టే.

అదే మూడు రోజులు ఉంటే? 900 కిలోమీటర్లకి 11,700, బత్తా 1,500, కలిపి 13,200. తిరిగింది 590, మిగతా 310 కిలోమీటర్లకి కారు చెట్టుకింద నిలబడినందుకు డబ్బు కట్టారు. ఇలాంటప్పుడు వెళ్లేటప్పుడు ఒక వన్ వే డ్రాప్, వచ్చేటప్పుడు ఇంకో డ్రాప్ మాట్లాడుకోవడం మేలు. ఒక్కో డ్రాప్ 4,500 అనుకున్నా 9,000లో అయిపోతుంది, అక్కడ ఊళ్లో తిరగడానికి ఆటోలున్నాయి. హైదరాబాద్, విజయవాడ లాంటి రద్దీ దారిలో డ్రాప్ చవగ్గా వస్తుంది, కారణం మొదట చెప్పిందే, అతనికి తిరుగు కిరాయి దొరుకుతుంది. యాప్‌లు కూడా ఇలాంటి దారుల్లోనే మంచి రేటిస్తాయి. మెయిన్ రోడ్డు వదిలి ముప్పై కిలోమీటర్లు లోపలున్న పల్లెటూరికి డ్రాప్ అడిగితే రానూపోనూ కిరాయే చెబుతారు, అక్కడ మీ ఊరి కారు స్టాండ్‌లో అతన్నే పిలిపించుకోవడం నయం కావచ్చు, అడిగి చూడండి.

ఊళ్లలో ఇంకో పద్ధతి ఉంది. రోజుకి ఇంత కిరాయి, డీజిల్ మనదే. ఎక్కువ దూరం తిరగనప్పుడు ఇది బాగా కలిసొస్తుంది. ఎక్కేటప్పుడు ట్యాంక్ నింపించి, దిగేటప్పుడు మళ్లీ నింపించి ఇస్తే వాదన ఉండదు.

మాట్లాడేటప్పుడు మనం అడగడం మర్చిపోయేవి ఇవి. కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్క, మీ ఇంటి దగ్గర నుంచా, వాళ్ల షెడ్డు దగ్గర నుంచా? ఎల్బీ నగర్‌లో షెడ్డు, మీ ఇల్లు కూకట్‌పల్లి అయితే వచ్చిపోయే దూరమే యాభై దాకా మీ మీద పడుతుంది. రోజు అంటే ఇరవై నాలుగు గంటలా, అర్ధరాత్రి పన్నెండుకి మారే తేదీయా? రెండోదైతే రాత్రి ఒంటిగంటకి ఇంటికి చేరినా ఇంకో రోజు పడుతుంది. రెండు రాష్ట్రాల మధ్య వెళ్తుంటే ఆల్ ఇండియా పర్మిట్ ఉన్న బండేనా, లేకపోతే పక్క రాష్ట్రంలో కట్టే టాక్స్ ఎవరిది? ఘాట్ రోడ్డులో ఏసీ ఆపేస్తారా?

ఇవన్నీ మాట్లాడాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టేయండి. ఇలా:

"అన్నా, శుక్రవారం ఉదయం 5కి కూకట్‌పల్లి నుంచి విజయవాడ, శనివారం రాత్రికి తిరుగు. డిజైర్, ఏసీతో. కిలోమీటరుకి 13, రోజుకి 300 మినిమం, బత్తా 500. టోల్, పార్కింగ్ మావి. కిలోమీటర్లు మా ఇంటి దగ్గర నుంచే లెక్క. ఓకేనా?"

అతను ఓకే అని కొడితే చాలు. దిగేటప్పుడు వచ్చే గొడవల్లో చాలావరకు ఈ ఒక్క మెసేజ్‌తో పోతాయి. ఎక్కగానే మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి, దిగేటప్పుడు ఇంకోటి.

కొన్ని దారులకి యాప్ కంటే తెలిసిన డ్రైవర్ ఉండాల్సిందే. శ్రీశైలం తీసుకోండి. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, పులుల అభయారణ్యం కదా. ఆ దారిలో ఎప్పుడూ తిరిగేవాడు ఎన్నింటికి బయలుదేరితే గేటు తెరిచే వేళకి అక్కడుంటామో, దర్శనం ఆలస్యమైతే రాత్రికి ఉండిపోవాలో వెనక్కి తిరగాలో చెప్పగలడు. యాప్‌లో వచ్చిన కొత్త కుర్రాడికి మ్యాప్ చూపించే గంటలే తెలుసు. తిరుమలకి అయితే 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, మాట్లాడేటప్పుడే బండికి ఉందో లేదో అడగండి. ఇద్దరే వెళ్తుంటే కొండమీదికి ఆర్టీసీ బస్సు చాలు, కారు ఎందుకు.

అడ్వాన్స్ గురించి గట్టిగా చెబుతాను. గూగుల్‌లో డ్రాప్ టాక్సీ అని వెతికితే వచ్చే నంబర్లలో కొన్ని మోసం. ముందు సగం డబ్బు క్యూఆర్‌కి కొట్టమంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. తెలియని వాళ్లకి బండి మీ ఇంటి ముందుకి వచ్చాకే డబ్బు ఇవ్వండి, డ్రైవర్ డీజిల్ కోసం కొంత అడుగుతాడు, ఆ ఇచ్చేదేదో అప్పుడు బంకులోనే ఇవ్వొచ్చు.

7. ఎక్కేముందు బండిని చూడండి

పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటే అది కిరాయి బండి. ఎలక్ట్రిక్ కిరాయి బండికి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు కారు ఎంత చవగ్గా వస్తానన్నా ఆలోచించండి. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్ కిరాయికి తిప్పినప్పుడు చెల్లదని కంపెనీ పేచీ పెట్టొచ్చు, దారిలో ఆర్టీఏ వాళ్లు ఆపితే మీ ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఉన్నాయో లేదో తెలుస్తుంది, దూరప్రయాణానికి ముందురోజే నంబరు అడిగి చూసుకోండి.

యాప్ బండికి నంబరూ డ్రైవర్ ముఖమూ సరిపోయాకే ఓటీపీ చెప్పండి, ఫోన్‌లో మాత్రం ఎప్పుడూ వద్దు. మాట్లాడుకున్న కారుకి నంబర్ ప్లేట్ ఫోటో తీసి ఇంట్లో గ్రూపులో పెట్టండి, డ్రైవర్ చూస్తుండగానే పెట్టండి, అందులో మొహమాటం ఏమీ లేదు. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి తెలంగాణలో పోలీసులు 2024లో తెచ్చిన టీ సేఫ్ అనే సేవ ఉంది, బయట ఎక్కిన బండికైనా ప్రయాణాన్ని గమనిస్తూ ఉంటుంది. అత్యవసరమైతే 112.

8. అమ్మానాన్నల కోసం బుక్ చేస్తుంటే

డాలస్‌లోనో, బెంగళూరులోనో కూర్చుని ఇక్కడ అమ్మానాన్నలకి క్యాబ్ బుక్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వేరేవాళ్ల కోసం అని పెట్టి వాళ్ల నంబరే ఇవ్వండి. మీ నంబరు ఇస్తే డ్రైవర్ మీకు ఫోన్ చేస్తాడు, అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ నాన్నగారు గేటు దగ్గర ఎండలో. డబ్బులు క్యాష్ అని పెట్టి, ఎంతో ఒక చీటీ మీద రాసుకోమనండి.

కానీ నన్నడిగితే వాళ్లకి యాప్ వద్దు. డెబ్బై దాటినవాళ్లకి కావాల్సింది మోకాళ్ల నొప్పులు తెలిసి కారుని గేటు దాకా తెచ్చే మనిషి, హాస్పిటల్‌లో లేటయినా విసుక్కోకుండా ఆగేవాడు. వాళ్ల వీధిలోనో పక్క వీధిలోనో కారున్న ఒకతన్ని చూసి, వచ్చినప్పుడల్లా ఇంత అని మాట్లాడిపెట్టండి, మీరే నెలకోసారి యూపీఐ చేసేయండి. యాప్ కంటే వంద రెండొందలు ఎక్కువ అవుతుంది, అవనివ్వండి.

9. తేడా వస్తే

యాప్‌లో ఎక్కువ పడితే హెల్ప్ మెనూలోనే రాయండి, అప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతక్కండి, అక్కడ కనిపించే వాటిలో దొంగ నంబర్లుంటాయి, రీఫండ్ ఇస్తామని ఏదో యాప్ వేయించి ఖాతా ఊడ్చేస్తారు. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రీఫండ్ కూపన్‌గానే ఇస్తామంటే బ్యాంకు ఖాతాకే కావాలని అడగండి, ఓలాకి 2024లో వినియోగదారుల ప్రాధికార సంస్థ ఆ ఎంపిక ఇవ్వాలనే చెప్పింది.

మాట్లాడుకున్న కారుతో తేడా వస్తే డ్రైవర్‌తో రోడ్డు మీద వాదించకండి, అతను చాలాసార్లు జీతగాడే. బండి ఓనరుకి ఫోన్ చేసి వాట్సాప్ మెసేజ్ గుర్తుచేయండి. బాగా తీసుకెళ్లిన డ్రైవర్ నంబరు మాత్రం దిగేలోపే తీసుకోండి, పేరు ఒక్కటే రాస్తే ఆర్నెల్ల తర్వాత ఏ రమేషో తెలియదు, అందుకని పేరు పక్కన ఏరియా, బండి, ఏ ఊరికి తీసుకెళ్లాడో కలిపి సేవ్ చేసుకోండి, అదే నంబరు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా.